తాళమేసిన ఇంటిని దాటిపోని వదిన

వదిన పోయిందని అన్న ఫోన్ చేసినప్పుడు నేను ఘనపూర్ బడిల పిల్లలకు డిక్టేషన్ చెప్తున్న. "చెల్లె, మీ వదిన లేదు" అన్నడు. నాకు మొదలు కోపమే వచ్చింది. లేదంటే ఏంది? ఇంట్ల లేదా? పొద్దుగాల్నే కదా నాకు మెసేజ్ పెట్టింది, నీ బిడ్డ పెండ్లి పత్రికల మీ ఆయన పేరు తప్పు పడ్డది, కండ్లు పెట్టి చూసుకో టీచరమ్మా అని. అన్న మళ్ళ నోరు తెరిచేదాక నాకు సమజు కాలే. డయాలిసిస్ మంచం మీదనే గుండె ఆగిందట, చెయ్యికి సూదులు ఉండంగనే. పిల్లలు పెన్నులు పట్టుకొని తర్వాతి పదం కోసం నా మొఖం చూస్తున్నరు.

ఆమె గురించి నాలుగు మాటలు రాయాలె. మా వదిన మనసు వెన్న అని రాస్తే మాత్రం లేచొచ్చి నన్ను కొడ్తది. వదిన మొండిది. ఎవరన్న తప్పు చేస్తే మొఖం మీదనే అంటది, తాను చేస్తే అంతకన్న గట్టిగ అనుకుంటది. కిడ్నీలు పాడైనంక నీళ్ళు కొలిచి తాగమన్నరు. మామూలు మనిషైతే ఏడ్సుకుంట కూసుంటది. ఈమె ఐసు ముక్క బుగ్గల పెట్టుకొని, ఒక బుగ్గ ఉబ్బించుకొని, అట్లనే అందరిని తిట్టేది. జుట్టుల దువ్వెన చెక్కుకొని కంప్యూటర్ ముందు కూసునేది, లేచినంక ఆ దువ్వెన కోసం ఇల్లంత దేవులాడేది. "నీ నెత్తిలున్నది వదినా" అంటే, "ముందే చెప్పొద్దా?" అని నన్నే అనేది.

వదిన హైదరాబాద్‌ల పుట్టి పెరిగి జనగామల మా ఇంటికి కోడలై వచ్చింది. ఇంట్ల కూసోనే కంపెనీ పని చేసేది, అది అయినంక తన సొంత పని. ఆ సొంత పని గురించి చెప్పకుంటే ఆమె గురించి చెప్పినట్టే కాదు. బ్లాగు అంటే తెలుసు కదా, ఇంటర్నెట్‌ల మనం రాసుకునే పేజీలు. ఆ బ్లాగు నడిపే సైటు మూతబడ్డా, మనమే వేరే కాడికి మారినా, మన రాతలన్ని ఒక్క ఫైలుగ మూటగట్టి ఇస్తది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామానంత ఒక్క లారీల ఏసినట్టు. ఏ గిన్నె ఏ బస్తల ఉన్నదో దేవునికే తెలుసు. ఆ ఫైలును చదివి, ఇది రాత, ఇది తేదీ, ఇవి దాని కింద జనం పెట్టిన కామెంట్లు అని విడదీసి చూపించే కోడ్ వదిన రాసింది. అసొంటి కోడ్‌ను లైబ్రరీ అంటరట. ఎవరైనా ఊరికే తీసుకొని తమ ప్రోగ్రాముల పెట్టుకోవచ్చు, లోపల ఏమున్నదో చూడొచ్చు, బాగలేకుంటే బాగు చేయొచ్చు. "దీంతోని నీకేమొస్తది వదినా?" అంటే, "బడి అయినంక పిల్లలను కూసోబెట్టుకొని పద్యం చెప్తవు, నీకేమొస్తది?" అనేది. నేను నోరు మూసుకునేదాన్ని.

ఆ లైబ్రరీ ఒక తీరుగ నడుస్తది, వేరేవాళ్ళది వేరే తీరు. ఆ తేడా ఎక్కడికెల్లి వచ్చిందో కంప్యూటరోళ్ళకు తెల్వదు, నాకు తెలుసు. అది నా పెండ్లి కాడ మొదలైంది.

నా పెండ్లికి వాడకట్టంత తిరిగి బొట్టు పెట్టి రమ్మని మా అమ్మ వదినను పంపింది. అప్పటికి వదిన కొత్త కోడలు. మా దిక్కు పత్రిక ఇచ్చినా, ఫోన్ చేసినా లెక్కలకు రాదు. ఇంటికి పోయి, ఆడోళ్ళ నుదుట కుంకుమ పెట్టి, పెండ్లికి రాండ్రి అంటేనే పిలిచినట్టు. రైసు మిల్లు ఎనుక సందుల ఒక ఇంటికి తాళమున్నది. హైదరాబాద్ పిల్ల కదా, తాళముంటే ఇంట్ల ఎవరు లేరని ముందుకు పోయింది. మళ్ళ వద్దామనుకున్నది, పెండ్లి పనుల వచ్చుడు కాలే. ఆ ఇంటామె పొలంకాడికెల్లి వచ్చి చూసుకున్నది. అటు పక్కింటామె నుదుట బొట్టు, ఇటు పక్కింటామె నుదుట బొట్టు, తన తలుపు మాత్రం బోసిగ. ఇంకేమున్నది! ఆమె నా పెండ్లికి రాలే. ఆమె రాలేదని ఆమె పాలోళ్ళు, అంటే దాయాదులు, రాలే. ఏండ్లు గడిచి మా బాపు పోయినప్పుడు కూడ ఆ ఇంటికెల్లి ఎవరు రాలే.

మా అమ్మ వదినను తిట్టలే. "తాళముంటే తలుపుకు బొట్టు పెట్టి రావాలె బిడ్డా. తలుపుకు పెడ్తే మనిషికి పెట్టినట్టే. ఇల్లే లేనట్టు దాటిపోతే ఎట్ల?" అన్నది. వదిన ఆ ఇంటికి పోయి మాఫీ అడిగింది. ఆమె మంచినీళ్ళిచ్చింది గని మాట్లాడలే. ఆ మంచినీళ్ళు తన గొంతుల ఇంకా అట్లనే ఉన్నయని వదిన చాన ఏండ్ల తర్వాత కూడ అనేది.

ఇగ లైబ్రరీ సంగతి. అంత పెద్ద ఫైలు చదువుకుంట పోతాంటే మధ్యల ఒక రాత పాడై ఉండొచ్చు. అసొంటిది ఎదురైతే చాన ప్రోగ్రాములు సప్పుడు చేయకుండ దాన్ని వదిలేసి, ముందుకు పోయి, ఆఖరికి 'అంతా అయింది' అని చూపిస్తయట. వదినది అట్ల కాదు. ఆగుతది. ఎక్కడ ఆగిందో చూపిస్తది. చూపించి, తెలుగు అక్షరాలల్ల ఒక మాట చెప్తది: "ఈ ఇంటికి తాళమున్నది. దాటిపోవద్దు." కింద ఇంగ్లీషుల అర్థం ఉంటది గని, ఎక్కడెక్కడి దేశాలోళ్ళో ముందు ఆ అక్షరాలు చూసి బెదిరి, ఇది వైరసా అని అడిగేటోళ్ళట. వదిన పడి పడి నవ్వేది.

ఒకాయన ఉండె. ఏ దేశమో నాకు తెల్వదు. లైబ్రరీకి చాన సాయం చేసిండు గని ఈ ఒక్క ముచ్చట మీద వదినతోని ఏండ్లకేండ్లు కొట్లాడిండు. పాడైన ఒక్క రాత కోసం అందరి పని ఎందుకు ఆపాలె, సప్పుడు లేకుండ దాటిపోతే ఎవరికి నష్టం అని ఆయన. దాటిపోయినట్టు ఎవరికి తెల్వకపోవుడే నష్టం అని ఈమె. అన్న నడుమ దూరి, "పోనియ్యరాదు, అంత దూరపు మనిషితోని లొల్లి దేనికి?" అంటే, "నువ్వు బొట్టు పెట్టనీకి పోయినవా ఎన్నడన్న? పోలేదు కదా. ఊకో" అనేది.

నాకైతే ఇదంత పిచ్చి అనిపించేది, మొన్నటిదాక.

మా అత్తగారి ఊరు భూపాలపల్లి పక్కన. బొగ్గు కోసం తవ్వినప్పుడు ఊరికి ఊరే ఖాళీ అయి లేచింది. లేవకముందు నేను ఒక బ్లాగు పెట్టిన, ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. ఇంటి ఫోటో, దర్వాజ ముందు నిలబడ్డ మనుషులు, వాళ్ళు చెప్పిన ముచ్చట్లు. ఊరు చెదిరినంక మనుషులు ఎవరింటి పేజీ కింద వాళ్ళు కామెంట్లు పెట్టుడు షురూ చేసిండ్రు. మేము పరకాలల ఉంటున్నం, మేము తమ్ముని దగ్గరికి వచ్చినం అని. తర్వాత తర్వాత ఎవరింట్ల పెండ్లయినా, చావయినా ఆ పేజీలు చూసే కబురు పంపుడు అయింది. ఊరు భూమ్మీద లేదు, గని ఆ పేజీలల్ల వాడకు వాడ అట్లనే ఉన్నది.

నా బిడ్డ పెండ్లి ఖాయమైంది. మా అత్తమ్మ ఒక్కటే మాట అన్నది. "ఊరు పోయినా ఊరోళ్ళు పోలేదు. నా మనుమరాలి పెండ్లికి ఒక్క ఇల్లు తక్కువ కావొద్దు." సరిగ్గ అప్పుడే ఆ బ్లాగుల సైటు మూతబడ్తున్నదని మెయిల్ వచ్చింది. ఫలానా రోజు దాక మీ ఫైలు దింపుకోండి, ఆ తర్వాత ఏమి ఉండదు అని.

ఫైలైతే దింపిన. మా బడిల సైన్సు సారు ఏదో ప్రోగ్రాంల వేసి చూసి, అంతా వచ్చింది మేడం అన్నడు. ఇగ పరేషాన్ లేదనుకొని, గొప్ప కోసం ఆ ఫైలు వదినకు పంపిన. ఆ రోజు ఆమెకు డయాలిసిస్ ఉన్నది. ఎడమ చెయ్యికి సూదులు, కుడి చెయ్యితోని ల్యాప్‌టాప్. కొంచెం సేపటికే ఫోన్.

"టీచరమ్మా, నీ ఫైలు ఆగింది."

"అంతా వచ్చిందన్నది కద వదినా."

"ఎవలన్నరు?"

"ఆ ప్రోగ్రాం."

"దాని మొఖం! కింది వాడల ఆఖరి ఇల్లు ఎవరిది?"

ఆ ఇల్లు ఒక ముసలవ్వది. ఊరు లేచినప్పుడు ఎటు పోయిందో ఎవరికి తెల్వదు. ఎన్నడో కాలం చేసిందని అందరు అనుకున్నరు. "ఆ అవ్వ లేదు వదినా, ఆ ఒక్క పేజీ పోతే పోనియ్, మిగిలినయి మంచిగున్నయి కదా" అన్న. "నువ్వు చూసినవా, ఆమె పోవుడు?" అన్నది. "చూడనిది నోట్లనే ఉంచుకో."

తర్వాత గబగబ చెప్పింది. ఫైలే సగం దిగిందో, లేక మంచిగనే దిగి లోపల ఏదో అక్షరం అడ్డం పడ్డదో తేలాలె. అక్షరమైతే తాను తీరిగ్గ చూసుకుంటది. ఫైలే సరిగ దిగకుంటే మాత్రం సైటు మూతబడక ముందే మళ్ళ దింపాలె, మూతబడ్డంక ఎవరు ఏం చేయలేరు. తేలాలంటే ఇంకోసారి దింపి రెండిటిని పక్కపక్కన పెట్టి చూడాలె. గడువు తెల్లారేదాకనే.

దేశంల ఉన్నోళ్ళంత అప్పుడే ఆ సైటు మీద పడ్డట్టున్నరు. ఫైలు కొంచెం దిగుతది, ఆగుతది, మళ్ళ మొదటికొస్తది. ఘనపూర్‌ల సిగ్నల్ అందక బడి డాబా ఎక్కిన. అక్కడ కూడ అంతే. మా ఆయన బండి మీద భూపాలపల్లి తీసుకపోయిండు. ఇంటర్నెట్ షాపుల కూసొని ఆ గీత నిండుతదా నిండదా అని చూసుకుంట గోర్లు కొరుక్కున్న. నడుమ వదిన ఫోన్, దిగిందా? దిగలే. దిగిందా? దిగలే వదినా! ఇంకోసారి ఫోన్ మోగితే అన్న గొంతు. "చెల్లె, దీనికి బీపీ పడిపోతున్నది, సిస్టర్ తిడుతున్నది. నీ ఊరి పేజీలు తర్వాత చూసుకోరాదు?" వద్దు అన్న, బంద్ చేయమను అన్న. అన్న చేతులకెల్లి ఫోన్ గుంజుకున్నట్టున్నది, వదిన గొంతు సన్నగ వచ్చింది. "ఆయన మాట ఇనకు. నాకు పడ్డ బీపీ లేస్తది. సైటు లేవదు."

పొద్దుగూకే యాళ్ళకు దిగింది. వదినకు పంపితే పక్కపక్కన పెట్టి చూసింది, రెండు ఫైళ్ళు ఒక్క తీరుగనే ఉన్నయి. అంటే ఏది పోలే, అడ్డం పడ్డది అక్షరమే. నేను షాపుల కుర్చీ మీదనే ఏడ్సిన. షాపు పిలగాడు బిత్తరపోయి మంచినీళ్ళిచ్చిండు.

మరునాడు వదిన ఆ అక్షరం పట్టుకున్నది. ఎవరో పాత ఫోన్ల టైపు చేసినప్పుడు పడ్డ, కంటికి కనపడని ఒక గుర్తు. ఒక కామెంట్ నడుమ ఉన్నది. ఆ కామెంట్ల ఫోన్ నంబరు ఉన్నదని సైటు దాన్ని తనంతట తనే పక్కకు పెట్టింది, పేజీ మీద ఎన్నడు చూపియ్యలే. ఫైలుల మాత్రం ఉన్నది. సైన్సు సారు ప్రోగ్రాం ఆ గుర్తు కాడ తడబడి, ఆ పేజీకి పేజీనే వదిలేసి, అంతా అయింది అన్నది. వదిన నాకు ఫోన్ల చదివి వినిపించింది. "ఇది మా అవ్వ ఇల్లు. అవ్వ బతికే ఉన్నది. బయ్యారంల నా దగ్గర ఉంటున్నది. ఊరోళ్ళు ఎవరన్న ఈ నంబరుకు చేయుండ్రి. ఎవలన్న చేసిండ్రా అని రోజు అడుగుతది."

వదిన ఆ నంబరు నాతోని రాయించింది. రాసినంక, "ఎన్ని ఏండ్ల సంది నిలబడ్డదే ఈ పిల్ల మన తలుపు కాడ" అన్నది.

నేను ఆ నంబరుకు చేసిన. మనుమరాలు ఎత్తి అవ్వకిచ్చింది. "ఎవలు బిడ్డా? ఊరి నుంచా?" అన్నది అవ్వ. లేని ఊరిని ఉన్నట్టే అడిగింది. నేను అవునన్న. ఇది వదినకు చెప్తే, "ఆ ఇంటికి బొట్టు పెట్టనీకి నేనే వస్త. సూదులు లేని రోజు చూసుకొని పోదాం. నువ్వు నన్ను వదిలేసి పోయినవనుకో, నీ సంగతి చెప్త" అన్నది. అదే మా ఆఖరి కొట్లాట.

వదిన పోయినంక నా బిడ్డ ఆ లైబ్రరీ పేజీల నాలుగు మాటలు పెట్టింది. ఎక్కడెక్కడివాళ్ళో రాసిండ్రు, మా నాయిన బ్లాగు దొరికింది ఆమె వల్లనే అని, మా అక్క రాతలు దొరికినయని. చదువుకుంట పోతాంటే ఒకరు అడిగిండ్రు, ఇప్పుడన్న ఆగుడు తీసేసి సప్పుడు లేకుండ దాటిపోయేటట్టు చేద్దామా అని. నా బిడ్డ జవాబు రాసేలోపల్నే జవాబు వచ్చింది. రాసింది ఎవరనుకున్నరు? ఏండ్లకేండ్లు కొట్లాడిన ఆయననే. "ఇక్కడ తాళమున్న ఇంటిని దాటిపోరు" అని రాసిండు. నా బిడ్డ అది చూపిస్తే నాకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చినయి.

బొట్టు పెట్టే రోజులు రానే వచ్చినయి. ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి పోవాలెనో అనుకుంటాంటే అత్తమ్మ అన్నది, "జనగామ వద్దు. ఏడాది మైల ఉన్నది. అసొంటి ఇంటికి పెండ్లి కుంకుమ తీసుకపోతరా ఎవరన్న? మీ అన్నకు ఫోన్ చెయ్, వస్తడు." ఒక్క ఇల్లు తక్కువ కావొద్దన్న నోరే అది! నా ఒళ్ళు మండింది. కొట్లాడిన. ఆమె కదలలే, నేను కదలలే. మా ఆయన పేపర్ మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. పిల్ల బతుకు బాగుండాలనే కదా అంటున్న అని అత్తమ్మ కండ్లనీళ్ళు పెట్టుకున్నది. ఆ భయం అబద్ధం కాదు, అందుకే నాకు ఇంకా కోపమొచ్చింది.

ముందైతే బయ్యారం పోయినం, కార్ల నేను, అత్తమ్మ. అవ్వ, అత్తమ్మ ఒక్క వాడోళ్ళు. ఒకర్నొకరు పట్టుకొని ఏడ్సిండ్రు. నేను కుంకుమ తీస్తే అవ్వ నుదురు ముందుకు తేలే. మొగుడు పోయినదాన్ని, నాకెందుకు బిడ్డా అని దర్వాజ చూపించింది. నేను నుదుటికి, దర్వాజకు రెండిటికి పెట్టిన. అత్తమ్మ ఏమనలే. అప్పుడు అవ్వ అడిగింది, "నన్ను దేవులాడి పట్టుకున్న పిల్ల వస్తనన్నదట కదా, ఏది?" నేను చెప్పలేక చెప్పిన. అవ్వ నా చెయ్యి పట్టుకున్నది. "నేను సచ్చిన్నని అందరు అనుకుంటే, కాదన్నది ఆ పిల్ల ఒక్కతేనా? ఆ పిల్లనే పోయిందా?" అన్నది.

వచ్చేటప్పుడు మహబూబాబాద్ కాడ, మేము మానుకోట అంటం, చాయ్‌కి ఆపినం. అత్తమ్మ చాయ్ సగం తాగి గ్లాసు పక్కకు పెట్టింది.

"ఇక్కడికెల్లి జనగామకు తొవ్వ ఉన్నదా?"

"ఉన్నది అత్తమ్మా."

"పోనియ్ మరి. నేను దిగ."

అన్నకు ఫోన్ చేయలే. చేస్తే వద్దంటడని తెలుసు. ఇంటి ముందు కారు ఆగేసరికి తలుపుకు తాళమున్నది. పక్కింటామె బయటికొచ్చి, "రోజు గీ యాళ్ళకు దవాఖాన దిక్కు పోతడమ్మా. మీ వదినను తోలుకపోయే టైము కదా. అక్కడి బల్ల మీద కొంచెం సేపు కూసొని వస్తడు" అన్నది. నేను తాళం దిక్కు చూసుకుంట నిలబడ్డ. ఎనుక కారు తలుపు తెరుచుకున్న సప్పుడైంది. అత్తమ్మ కుంకుమ భరిణె పట్టుకొని వచ్చి నా చేతుల పెట్టింది. "ముందు పసుపు రాయి, అప్పుడే బొట్టు నిలుస్తది" అన్నది.

పసుపు రాసిన. దాని మీద బొట్టు పెట్టిన. పెండ్లికి రా వదినా అన్న, బయటికే అన్న. పత్రిక గొళ్ళెంల చెక్కుతాంటే చెయ్యి తగిలి తాళం ఊగింది. అది ఆగేదాక ఇద్దరం అక్కడనే నిలబడ్డం.